కొసరుగా వచ్చిన గుర్రపాయన

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మాది పాత్రల అంగడి. ఇడ్లీ పాత్రలు పేర్చిన బీరువా వెనక, కొనేవాళ్ళ కంటికి ఆనని చోట, ఐదు డిస్కులు దాచి ఉన్నాయి. ఐదూ ఒకే ఆటలో ఐదు భాగాలు. జపానువాళ్ళు ఎప్పుడో చేసిన పాత వీడియో ఆట అది. గళ్ళు గీసిన నేల మీద సైన్యాన్ని నడపాలి. మన వంతు ఒకసారి, పగవాడి వంతు ఒకసారి, అచ్చం చదరంగమే. కాకపోతే ఇక్కడ ప్రతి బంటుకూ ఒక మొహం ఉంటుంది, ఒక కథ ఉంటుంది, ఆడేకొద్దీ బలం పెరుగుతుంది. చచ్చినవాడు మాత్రం చచ్చినట్టే. మరుసటి యుద్ధానికి లేచిరాడు.

ఆ ఐదిట్లో రెండు భాగాలకు ఇంగ్లీషు పూర్తిగా ఉంది. రెండిటికి అసలు లేదు, అవి జపాను భాష దాటి బయటికి రానేలేదు. మిగిలిన ఒక్కదానికి సగం దాకా ఇంగ్లీషు ఉండి, ఆ తర్వాత ఆగిపోతుంది. నేను మొదట దిగింది ఆ సగం దాంట్లోకే. నలభై దాటిన ఆడదానికి, నిద్రలో లేపి అడిగినా కిలో స్టీలు ధర తడుముకోకుండా చెప్పేదానికి, ఈ కత్తులూ గుర్రాలూ ఎందుకని మా చుట్టాలు చాలామంది అడిగారు. జవాబు చిన్నది. అది కొసరుగా వచ్చింది. కొసరుగా వచ్చినదాన్ని వాడకుండా పారేసే గుణం మా వంశంలో లేదు. మిగతా నాలుగూ తర్వాత చేరాయి. వాటికి అడిగినంత ధర ఇచ్చి కొన్నానని మా ఆయనకు ఇప్పటికీ తెలియదు.

వచ్చిన తీరు చెప్పాలి. అంగట్లో దొంగలను కనిపెట్టే కెమెరా పెట్టించాం. దానికి ఒక టీవీ కావాలి. కొత్తదెందుకు, దొంగ మొహం పాత టీవీలోనూ దొంగ మొహమే కదా అని, గాంధీపురంలో పాత సామాన్లు అమ్మే సందులోకి మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్ళాను. మా ఆయన నాకు మేనత్త కొడుకు, పెళ్ళి కాకముందు నుంచీ బావే. మేమిద్దరం బేరానికి వెళితే ఒక పద్ధతి ఉంది. అంగడివాడితో అరవంలో మాట్లాడతాం, మాలో మేం తెలుగులో. ఇన్ని తరాలుగా మా ఇళ్ళలో తెలుగు నిలబడింది పెద్దల మీద భక్తి వల్లనే అని మావాళ్ళు పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. పరాయివాళ్ళ ఎదుట ధర మాట్లాడుకోవడానికి పనికొచ్చింది కాబట్టి నిలబడిందని నా అనుమానం.

టీవీ నచ్చింది. నచ్చిన సంగతి మా ఆయన మొహంలో కనపడిపోతోంది.

"బావా, మొగం అట్ల పెట్టద్దు. నచ్చలేదన్నట్ల నిలబడు. ఇంగ దిగుతాడు," అన్నాను.

అంగడతను టీవీ తుడుస్తూ, తలెత్తకుండానే, "ఇంగ దిగేదానికి మెట్లు లేవక్కా," అన్నాడు. తెలుగులో.

కోయంబత్తూరులో ఈ ఎత్తు పారదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. ఎవరింట్లో ఏ భాష దాగి ఉందో ఇక్కడ బోర్డు చూసి చెప్పలేం. మా ఆయన పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మీదేవూరు?" అన్నాను, ఇంకేమనాలో తోచక.

"తేని అక్కా. మీది?"

"బోడి."

"అయితే పక్కూరోళ్ళం. పక్కూరోళ్ళకి చెప్పే ధరే చెప్పినా."

"పక్కూరోళ్ళకి కొసరియ్యవా?"

అతను చుట్టూ చూసి, అడుగున దుమ్ము పట్టిన ఒక నల్ల పెట్టెను లాగి టీవీ మీద పెట్టాడు. "ఆట పెట్టె. లోపల ఒక డిస్కు ఉండాది. పని చేస్తుందని చెప్పను, చెయ్యదనీ చెప్పను."

ఆ టీవీకీ మా కెమెరాకూ కుదరలేదు. కెమెరా బిగించిన మనిషి వచ్చి చూసి, ఇంత పాతదానికి వైరే దొరకదని నవ్వి, కొత్తది కొనిపించాడు. అలా నేను చవగ్గా సాధించిన టీవీ, అంగడి పైనున్న మా ఇంట్లోకి ఎక్కింది. పక్కన దాని కొసరు.

కొన్నాళ్ళకు మా అత్త కంటి ఆపరేషన్‌కు బోడినాయకనూరు నుంచి వచ్చింది. నాకు ఆమె రెండు విధాల అత్త: మా నాన్నకు అక్క, మా ఆయనకు అమ్మ. బోడిలో ఆమెది యాలకుల అంగడి. కొండ మీది తోటల నుంచి వచ్చే కాయను రంగు చూసి, లావు చూసి, ఏరి వేరుచేసి అమ్మడం పని. గల్లాపెట్టె పక్కన ఎత్తుగా ఒక చెక్క గద్దె ఉంటుంది. మామ పోయినప్పటి నుంచీ దాని మీద ఆమె తప్ప ఇంకొకరు కూచోలేదు. అలాంటిది కంటికి పొర కమ్మి, పచ్చకాయకూ పాలిపోయిన కాయకూ తేడా తెలియక, పాత ఖాతాదారు దగ్గర ఒక బేరం చెడింది. అప్పుడు మా పెద్ద బావ, "అమ్మా, నువ్వు ఇంగ చుమ్మా ఉండు, మేము చూసుకుంటాం," అన్నాడట. చుమ్మా అంటే ఊరికే. ఆమెను ఊరికే ఉండమన్నవాడు అంతకుముందు పుట్టలేదు.

"కన్ను సరి చెయ్యించు. కోత మొదలయ్యేలోపల నా గద్దెలో నేను కూచోవాల," అంది బస్సు దిగుతూనే.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాతే కష్టం మొదలైంది. వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. అన్నిటికీ మించి కంట్లో మందు చుక్కలు. తల వెనక్కి వాల్చదు, వాల్చినా కన్ను తెరవదు, తెరిచినా చుక్క పడేలోపల మూసేస్తుంది. టీవీలో సీరియల్ పెడితే కాసేపు చూసి, "వీళ్ళు వంట చెయ్యరు, యాపారం చెయ్యరు. ఎట్ల బతకతా ఉండారు?" అని అటు తిరిగి కూచుంటుంది.

మధ్యాహ్నం రెండు దాటితే నాలుగు దాకా మా వీధిలో గిన్నె కొనేవాళ్ళుండరు. షట్టర్ సగం దించి, మా ఆయనను స్టూలు మీద కునుకు తియ్యనిచ్చి, నేను పైకి వచ్చేస్తాను. ఒకనాడు ఆ వేళలో, ఆమె పోరు పడలేక, నల్ల పెట్టెకు వైర్లు కలిపాను. డిస్కు గరగరమని తిరిగింది. కొండలు, కోట, తగలబడుతున్న ఊరు. అత్త ఇటు తిరిగింది.

కథ ఇంగ్లీషులో నడిచింది, అదీ తాతలనాటి ఇంగ్లీషులో. నేను ఒక్కొక్క మాటా చదివి మా తెలుగులో చెప్పేదాన్ని. ఒక రాకుమారుడు. తండ్రిని చంపి పినతండ్రి కోట లాక్కున్నాడు. పిల్లవాడు నలుగురైదుగురిని వెంటబెట్టుకుని పారిపోయాడు, దారిలో ఒక్కొక్కరిని చేర్చుకుంటున్నాడు. జపాను పేర్లు అత్త నోట పలకలేదు, వాటి అవసరమూ రాలేదు. రాకుమారుడు 'చిన్నోడు'. గాయాలు మాన్పే పిల్ల 'నర్సమ్మ'. తెల్లగడ్డంతో, పాత కవచంతో, మొదటి యుద్ధం నుంచీ చిన్నోడి పక్కనే ఉండే ముసలి రౌతు 'గుర్రపాయన'.

ఒక కంటికి గుడ్డ కట్టుకున్న శత్రువు వచ్చినప్పుడు మాత్రం, "వీడికీ ఆపరేషన్ అయినట్లుంది, మెల్లగా కొట్టు," అంది.

మొదటి యుద్ధాలన్నీ గుర్రపాయనే గెలిపించాడు. ఒక ఆదివారం మా ఆయన మా పక్కన కూచుని, ఫోన్‌లో ఈ ఆట గురించి వెతికి, తెలిసినవాడిలా చెప్పాడు: "ఈ ముసలాయన మొదట్లోనే గట్టోడు, పోను పోను పెరగడంట. శత్రువుల్ని ఈయనే పడగొడితే చిన్నోళ్ళకి పని నేర్చుకొనే దారి లేదంట. తీసి పక్కన కూచోబెట్టమంటా ఉండారు."

"ఎవురు అనేది?" అంది అత్త.

"ఆడినోళ్ళు అందరూనమ్మా."

"చుమ్మా ఉండమంటారా వాణ్ణి?"

మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"పక్కంగట్లో అడిగొచ్చి మన అంగట్లో అమ్మేదా? ఇంగ ఎవుర్నీ అడగద్దు," అని కొడుకుతో అనేసి, అత్త నా వైపు తిరిగింది. "పాపా, వాడు కడదాకా పానంతో ఉండాల. కడా యుద్ధం అయ్యేంతవరకు. ఉంచుతావా?"

నేను అంగడిదాన్ని. ఊరికే ఒప్పుకుంటే ఒళ్ళు మంటెక్కుతుంది. "ఉంచితే నాకేమిస్తావు?"

"ఏం కావాల?"

"కంట్లో మందు. పేచీ లేకుండా, తల వాల్చి, కన్ను తెరిచి."

బోడిలో పాతకాలపు వ్యాపారులు ధరను నోటితో చెప్పరు. భుజం మీది తువ్వాలు చేతుల మీద కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. తువ్వాలు కింద కుదిరిన బేరం తప్పినవాడికి ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ చెయ్యివ్వరు. అత్త ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసి మా చేతుల మీద వేసింది. నా వేళ్ళు గట్టిగా ఒకసారి నొక్కి వదిలింది. ఆ సాయంత్రం చుక్కలు వేస్తుంటే కొంగ మెడలాగా తల వాల్చి, కన్ను విప్పి పెట్టింది.

ఇక మా ఆట తీరు గురించి ఒక మాట చెప్పాలి, తర్వాత జరిగినదానికి అదే కారణం కాబట్టి. మా అంగళ్ళలో 'లేదు' అనే మాట వాడం. ఉప్పు అయిపోయినా, ఊరంతా వెతికినా దొరకని గిన్నె అడిగినా, లేదనం. 'వస్తుంది' అంటాం, 'సాయంత్రం చూడండి' అంటాం. అంగట్లో లేదంటే లక్ష్మి విని నిజమనుకుంటుందని పెద్దల మాట. నాకు మాటలు వచ్చీరాగానే అత్తే నేర్పింది. ఈ ఆటలో అప్పుడప్పుడు రెండు జవాబులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. పైది 'సరే', కిందది 'వద్దు'. మేం పైదే నొక్కుతూ వచ్చాం. ఊరిని కాపాడతావా అంటే సరే. ఈ దారిన పోయేవాణ్ణి చేర్చుకుంటావా అంటే సరే. ఆటకు మా పద్ధతి నచ్చినట్టే ఉంది, మధ్యలో గొడ్డలి పట్టిన ఒకాయన పోయినా మా సైన్యం నిండుగా పెరిగింది.

ఒకనాడు చిన్నోడు కోట ద్వారం ముందు నిలబడి ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. నేను మీట నొక్కాను. తెర అడుగున మాటలు వచ్చే పెట్టెలో ఈసారి జపాను రాత. మళ్ళీ నొక్కాను. జపాను రాత. వాక్యం మధ్యలో ఇంగ్లీషు నిలిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే గాంధీపురం సందులో నిలబడ్డాను. "సగం సరుకు అంటగట్టినావు."

"కొసరుకు గ్యారంటీ యాడుంటుందక్కా?" అన్నాడు తేని అతను. టీ తెప్పించి, విషయం చెప్పాడు. ఈ భాగాన్ని చేసినవాళ్ళు దీనికి ఇంగ్లీషు పెట్టలేదు. ఆట మీద పిచ్చితో ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కూడి, కూలి లేకుండా, రాత్రీపగలూ కూచుని తర్జుమా చేస్తూ వచ్చారు. సగానికి వచ్చేసరికి ఒకరికి పెళ్ళయింది, ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఇద్దరు మాట పట్టింపు వచ్చి విడిపోయారు. అక్కడితో నిలిచిపోయింది.

"కూలి లేకుండా ఏల చేసినారు?"

"అది నాకి తెలిస్తే నేనింగా ఈ సందులో ఏలుంటానక్కా?"

బస్సులో వస్తూ ఆ మాటే తలచుకున్నాను. నాకు అరవం, ఇంగ్లీషు బడిలో నేర్పారు. తెలుగు నోటికే వచ్చింది, అక్షరాలు పెళ్ళయ్యాక కూడబలుక్కున్నాను. అత్తకు ఆ అక్షరాలూ రావు. ఇంట్లో మాట్లాడతాం, బయటి నుంచి తెలుగులో ఉత్తరం వస్తే తడుముకోకుండా చదవలేం. సగంలో ఆగిన తర్జుమా మాకు కొత్తేమీ కాదు. మేం అందులోనే కాపురం ఉంటున్నాం, అద్దె కూడా తక్కువే.

ఫోన్ కెమెరా టీవీకి చూపిస్తే తర్జుమా చేస్తుందని ఎవరో చెబితే అదీ చూశాను. పాత టీవీ బొమ్మ అదురుతుంది కదా, ఆ రాత ఫోనుకు అందలేదు. 'వంతెన గుర్రానికి అల్లుడు' అని ఒకటి, 'దయచేసి రాజును ఆరబెట్టండి' అని ఒకటి చెప్పింది. అత్త ఫోను పక్కన పెట్టించింది.

"ఇన్ని దినాలు నువ్వు చెప్పితివి. ఇంగ నేను చెప్తా, నువ్వు విను," అంది.

అప్పటి నుంచి తర్జుమా ఆమెది. మొహం చూసి, కనుబొమలు చూసి, ఎవరు ముందు మాట్లాడారో చూసి చెప్పేది. ఒకచోట మీసాల సేనాపతి, అతని ఎదుట మా వైపు విల్లు పట్టిన పిల్ల.

"ఏమంటా ఉండాడత్తా?"

"సరుకు చూపించకుండా ధర చెప్పమంటా ఉండాడు."

"ఆ పిల్ల?"

"నీ తూకంలో నాకి నమ్మిక లేదు, దారి వదులు అంటా ఉండాది. చూడు, ఇప్పుడు వాడికి కోపమొస్తుంది."

వచ్చింది. యుద్ధం మొదలైంది. ఇంగ్లీషు ఉన్నంతకాలం దేశాలు, సింహాసనాలు, శపథాలు. అత్త చేతికి వచ్చాక తరుగు, తూకం, తోటల గుత్తలు. నిజం చెప్పాలంటే కథ ఇప్పుడే నాకు బాగా అర్థమైంది. పినతండ్రి ఎందుకు చెడిపోయాడని అడిగితే, "తంబిని గల్లాలో కూచోబెట్టి తాళం ఇయ్యలేదు వాళ్ళన్న. తాళమియ్యని పెట్టె పక్కన ఎన్నాళ్ళు కూచుంటాడు?" అంది. తర్జుమా చేసిన ఆ దేశదేశాలవాళ్ళకు కూడా ఇది తట్టి ఉండదు.

ఈలోగా కన్ను తేటపడింది. గుర్రపాయన నిజంగానే పెరగడం మానేశాడు. చిన్నవాళ్ళంతా ఆయనను దాటిపోయారు. అయినా అత్త ఆయనను ముందు వరసలోంచి కదలనివ్వలేదు. నేను దెబ్బ తగిలినప్పుడల్లా నర్సమ్మను వెంట పరిగెత్తించి ఆయన ఊపిరి నిలబెట్టుకొస్తున్నాను. అటు మందు చుక్కలు కూడా పేచీ లేకుండా పడుతున్నాయి.

అప్పుడు వంతెన వచ్చింది.

వంతెన దాటాం, వెనకనుంచి శత్రువులు తెట్టెలు తెట్టెలుగా వస్తున్నారు. గుర్రపాయన చిన్నోడి ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు. చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్ళీ మాట్లాడాడు. రెండు జవాబులు కనిపించాయి.

"ఉండు పాపా, వాడేమో..." అంటోంది అత్త.

నా వేలు అప్పటికే పైదాని మీద పడింది. ఆలోచించి కాదు. ఎదుట మనిషి నిలబడి అడిగితే మా చేతులు అట్లా పోతాయి.

గుర్రపాయన గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. ఒక్కడే వంతెన మధ్యకు పోయి నిలబడ్డాడు. తెర నల్లబడింది. ఇంతవరకు ఆడింది భద్రం చెయ్యనా అని ఆట అడిగింది. దానికీ పైదే నొక్కాను. నొక్కాక తెలిసింది, వెనక్కి పోవడానికి ఇక దారి లేదని.

అత్త కొంగుతో కంటి పక్కన తుడుచుకుంది. అది కన్నీరో మందునీరో చెప్పలేను. సాయంత్రం చుక్కలు పట్టుకుని వెళితే గోడ వైపు తిరిగి పడుకుంది.

"పేరం తప్పింది నువ్వు," అంది గోడతో.

"మళ్ళీ మొదట్నించి ఆడతా అత్తా. ఈసారి వంతెన దగ్గర కిందది నొక్కుతా."

"మొదట్నించి ఆడితే వస్తాడు ఒకడు. వాడు వేరే గుర్రపాయన. వీడు కాదు."

మర్నాడు పొద్దున కూడా చుక్కలు పడలేదు. డాక్టరు పరీక్ష దగ్గర పడింది. కన్ను ఎర్రబడింది. మా ఆయన బతిమాలాడు, నేను బెదిరించాను. కన్ను చెడితే గద్దె పోతుందని కూడా అనేశాను, అని నాలుక కరుచుకున్నాను.

మధ్యాహ్నం అత్త తనే వచ్చి టీవీ ఎదుట కూచుంది. "అది పెట్టు. వాళ్ళ మొగాలన్నీ వరసగా ఉండేది ఒకటుంది కదా, అది చూపించు."

సైన్యంలో ఉన్నవాళ్ళ పట్టీ అది, యుద్ధానికి ముందు చూసుకునేది. పెట్టాను. ఆమె ముందుకు వంగింది, డాక్టరు వంగద్దన్నాడని గుర్తు చేసినా వినకుండా.

"గొడ్డలాయన పోయినాడే ముందర, వాడి మొగమేది?"

"పోయినోళ్ళ మొగం తీసేస్తారత్తా."

"అయితే ఇదెవురు?"

పట్టీ చివర, మిగతావాళ్ళకంటే మసకగా, బూడిద రంగులో, తెల్లగడ్డం. నేను గమనించనేలేదు. కాయ రంగు పోల్చలేక బేరం చెడగొట్టుకున్న కన్ను, ఆ మసకలో ఆయనను పట్టుకుంది.

"దీపం దించినారు, అంతే. ఆర్పలేదు," అంది అత్త. తల వెనక్కి వాల్చింది. "చుక్కలు తీసుకురా. పేరం ఇంగా ఉండాది."

కన్ను బాగుందన్నారు డాక్టర్లు. కొత్త అద్దాలు పెట్టుకుని అంగట్లోకి దిగి, మా స్టీలు గిన్నెల మీద గీతలన్నీ చూపించి, వీటిని కొత్తవని అమ్ముతున్నారా అని మా ఇద్దరినీ కడిగేసింది. బోడి నుంచి పెద్ద బావ ఫోన్ చేశాడు, కోత మొదలైందని. గుర్రపాయన ఇంకా రాలేదు. ఆమెను తేని బస్సు ఎక్కించాను. అక్కడ మారి బోడి పోవాలి.

"వాడొస్తే ఫోన్ చెయ్," అంది కిటికీలోంచి. "ఏది నొక్కేదన్నా నన్నడిగి నొక్కు."

ఆమె లేకుండా ఆడడం కష్టమైంది. మొహాలు మొహాల్లాగే ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. రెండు మూడుసార్లు నేనే చెప్పి చూశాను. నా సేనాపతులు మరీ పాఠాల ఇంగ్లీషు మాట్లాడారు. రోజూ ఫోన్‌లో ఆమె మొదట అడిగేది ఒకటే, వచ్చినాడా అని.

"ఇంగా లేదత్తా... వస్తాడు," అనేదాన్ని, అలవాటు కొద్దీ సర్దుకుని.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "గద్దె?"

"గద్దెలో పెద్దకోడలు కూచోనుండాది. నేను లేనప్పుడు కూచోబెట్టినారు. లేవబోయింది నన్ను చూసి. కూచోమన్నా. బాగనే చేస్తుంది. చెప్పకూడదు గాని, నాకంటే గట్టిగా చెప్తుంది ధర."

"మరి నువ్వు?"

"నేను కాయల దగ్గర. ఏరేవాళ్ళ బెంచీలో, నడి మధ్యలో. ఇప్పుడు పాలిపోయిన కాయ ఒక్కటి నన్ను దాటి పోదు."

ఆ గొంతులో నేను దిగులు వెతికాను. దొరకలేదు. దాచి ఉంటే బాగానే దాచింది, ఆమెది ఆ రోజుల నాటి వ్యాపారం.

చివరి కోటకు ముందు యుద్ధంలో, పటం అంచున, చెట్ల మధ్య నుంచి ఒక గుర్రం వచ్చింది. తెల్లగడ్డం. నేను ఆట అక్కడే నిలిపి వీడియో కాల్ చేశాను. అత్త ఫోనును యాలకుల మూటకు ఆనించి పెట్టుకుంది. ఆమె చేతులు ఆగకుండా కాయలు ఏరుతున్నాయి.

"వచ్చినాడత్తా."

చేతులు ఆగాయి. "మొగం చూపించు."

ఫోను టీవీకి తిప్పాను. గుర్రపాయన మాట్లాడుతున్నాడు, పెట్టె తర్వాత పెట్టె. చివర రెండు జవాబులు.

"పైదేనా?" అన్నాను.

"ఉండు. నీ చెయ్యి నువ్వు చెప్పేలోపల పోతుంది, పట్టుకో దాన్ని." అద్దాలు సర్దుకుని చూసింది. "దెబ్బలుండాయా?"

"బలం గీత సగమే ఉంది."

"అయితే పైది. అలిసిపోయి వచ్చినోణ్ణి వాకిట్లో నిలబెట్టి పేరమాడతారా?"

నొక్కాను. పట్టీలో బూడిద రంగు పోయి మొహం వెలిగింది. బోడిలో ఎవరో కొనడానికి వచ్చి, లావు పచ్చకాయ ఉందా అని అరవంలో అడుగుతున్నారు. అత్త అటు తిరిగి, "వస్తుంది సామీ, సాయంత్రం కొండ జీపులో వస్తుంది," అని చెప్పి మళ్ళీ ఇటు తిరిగింది.

చివరి యుద్ధానికి సైన్యాన్ని నిలబెట్టాలి. గుర్రపాయనను ఎత్తి ఎప్పటిలాగే ముందు వరసలో పెట్టబోయాను.

"ముందర వద్దు," అంది.

"వద్దా?"

"మధ్యలో పెట్టు. ఆ విల్లు పిల్ల పక్కన. అక్కణ్ణించి అందర్నీ చూసుకుంటాడు."

ఆమె చెప్పిన చోటే పెట్టాను. యుద్ధం చాలాసేపు సాగింది. ముందు చిన్నవాళ్ళు తోసుకుపోయారు, వాళ్ళను దాటి లోపలికి చొరబడ్డవాళ్ళను గుర్రపాయన ఆపాడు. ఒకసారి ఆయన ప్రాణం వెంట్రుకవాసిలో ఆగింది, అప్పుడు నా ఊపిరీ, బోడిలో కాయలు ఏరే చప్పుడూ రెండూ ఆగాయి. నర్సమ్మ అందుకుంది. పినతండ్రి పడ్డాడు. పాట మొదలైంది. గుర్రపాయన గుర్రం మీదే ఉన్నాడు.

అందరి మొహాలూ ఒక్కొక్కటిగా వచ్చాయి, ఒక్కొక్కదాని కింద రెండు వరసల రాత. యుద్ధం తర్వాత ఎవరు ఏమయ్యారో చెప్పే రాత అని అక్షరం తెలియకపోయినా తెలుస్తోంది. చివరికి తెల్లగడ్డం వచ్చింది.

"ఏమని రాసుండారు?" అంది అత్త.

"నాకేం తెలుసు. నువ్వే చెప్పు."

ఆమె తెరను తీరిగ్గా చూసింది. "ఊరికి పొయ్యి అంగడి పెట్టినాడని ఉండాది."

"ఏమంగడి, గుర్రాలదా?"

"గుర్రాలు చూసి చూసి వేసారిపోయుంటాడు. ధాన్యం అంగడి."

"అయితే గల్లాలో ఎవురు కూచుంటారు?"

అత్త ఒక కాయను వెలుగుకు ఎత్తిపట్టి, తిప్పి చూసి, పాలిపోయినవాటి గిన్నెలో వేసింది.

"కోడలు," అంది. "ముసలోడు సరుకు చూసుకుంటాడు."